టైమర్‌కి అందని మావయ్య

మావయ్య నిద్రలోనే పోయారని మొన్న శనివారం పొద్దున అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. ఆ మనిషి కదలకుండా పడుకోవడమేమిటి? రెడ్‌మండ్ నుంచి షికాగో వెళ్లే విమానంలోనూ అదే ఆలోచన. సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. నాకు ఆ కుదురులేనితనం ఆయన దగ్గర అంటుకున్నదే.

రిసెషన్ రోజుల్లో, ఎమ్మెస్ అయ్యాక జాబ్ దొరక్క, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో వాళ్లింట్లోనే ఉన్నాను. వీసా గడువు దగ్గరపడుతుంటే ఫోన్ పట్టుకుని కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

"నువ్వు చూస్తూ కూర్చుంటే అది మోగదే అమ్మాయ్. కీస్ తీసుకో, డ్రైవ్ చెయ్యి" అనేవారు మావయ్య.

వెళ్లేది ఎప్పుడూ ఒక్కచోటికే. హైవే పక్కన పాతకాలపు టికి రెస్టారెంట్. పసిఫిక్ దీవుల మీద మోజుతో ఎవరో ఎప్పుడో కట్టించారు. ఎత్తైన ఆకుల కప్పు, వెదురు గోడలు, బంతుల్లా ఉబ్బిన ఎండుచేపల్లో బల్బులు పెట్టి వేలాడదీసిన దీపాలు. వెనక తోటలో చిన్న కాలువ, దానిమీద చెక్క వంతెన, చెట్ల మధ్య గుడ్లురుముతూ కొయ్య దేవుళ్లు. దాన్ని పడగొట్టేస్తారని తెలిసినప్పటి నుంచి మావయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. తెచ్చిన ప్లేటు చల్లారిపోతున్నా ఆయన తోటలో కెమెరాతో వంగి ఉండేవారు. మనుషులు అడ్డం వస్తే విసుక్కునేవారు.

అత్తయ్య అమెరికా వచ్చిన కొత్తలో ఆయన మొదటిసారి భోజనానికి తీసుకెళ్లింది అక్కడికేనట. పైనాపిల్ అన్నం తప్ప ఏదీ తినలేకపోయిందట. ఆ వంతెన మీద ఇద్దరికీ కలిసి ఒక్క ఫోటో కావాలని అప్పటి నుంచీ అడుగుతోంది. పెళ్లి ఆల్బమ్ తర్వాత ఇద్దరూ ఒకే ఫోటోలో ఉన్నది ఆ ఇంట్లో లేనే లేదు.

"మనుషులెక్కడికి పోతార్లే. ముందు ఈ ఎండ పోతుంది" అనేవారు ఆయన.

పోనీ నేను తీస్తానంటే కెమెరా ఇచ్చేవారు కాదు. "కెమెరా, టూత్‌బ్రష్ ఇంకొకరి చేతికివ్వకూడదే" అని నవ్వేవారు.

రెస్టారెంట్ మూసేసే ఆదివారం అత్తయ్య వంకాయరంగు పట్టుచీర కట్టుకుని కారెక్కింది. ఇక తప్పించుకోవడానికి లేకపోయింది. వంతెన మొదట్లో పెద్ద కొయ్య దేవుడు నిలబడి ఉన్నాడు. అత్తయ్య ఆగిపోయింది.

"ఏమండీ, చెప్పులు విప్పండి."

"అది డెకరేషనే!"

"ఎవరి దేవుడైతేనేం, కళ్లు తెరిచి మనవైపే చూస్తున్నాడు కదా."

విప్పారు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, టైమర్ నొక్కి, వట్టి కాళ్లతో కంకర మీద పరుగు. రాళ్లు గుచ్చుకుని "అబ్బా, అమ్మా" అని గెంతుతూ వంతెన చేరేలోపే క్లిక్‌మనేది. మళ్లీ వెనక్కి, మళ్లీ పరుగు. నాకు నవ్వాగలేదు. అత్తయ్య మాత్రం ప్రతిసారీ నవ్వు సిద్ధం చేసుకుని నిలబడింది. ఇంతలో ఎండ పోయింది.

"ఇంకోసారి వద్దాం" అన్నారు మావయ్య.

ఇంకోసారి రావడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మనిషి లేకపోయుంటే ఆ ఏడాది నేను పిచ్చెక్కి ఇండియా తిరిగి వెళ్లిపోయేదాన్నన్నదీ నిజమే.

విమానం దిగి నేను ఇంటికి చేరేసరికి, హాల్లో పెట్టడానికి ఆయన ఫోటో కోసం అందరూ వెతుకుతున్నారు. వేల ఫోటోలు తీసిన మనిషిది పాస్‌పోర్ట్ ఫోటో తప్ప దొరకలేదు. అప్పుడు అత్తయ్య లోపలికెళ్లి తన మంచం పక్కనున్న ఫ్రేము తెచ్చింది. వంతెన మీద చీరలో తను, చెయ్యి చాచి. ఫోటో అంచున ఒక కాలు గాల్లో ఎత్తి ఆయన, మొహమంతా చెదిరిపోయి.

"మొహం కనపడట్లేదు అత్తయ్యా" అన్నాను.

"ఆ మొహం నాకు తెలుసు కదే. నా దగ్గరికి వస్తున్నారు, చూడు."

"నువ్వూ ఉన్నావు కదా. బతికున్న మనిషి ఉన్న ఫోటోకి దండ వెయ్యకూడదు."

"అయితే దండ వద్దులే" అంది.

అదే పెట్టాం. తెచ్చిన దండ విప్పి, పూలన్నీ ఫ్రేము కింద ఆయన వైపు పరిచాను, కాలు దిగే చోట.