లేని స్తంభం

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్‌లు ఉండేవి కాబట్టి దేవుణ్ణి మాత్రం అప్పుడప్పుడు నమ్మాను. ఇది చదివాక మీరు నన్ను అనుమానిస్తే తప్పులేదు. నేనూ మొదట ఒకరిని అనుమానించాను.

హిందూపురంలో మాదొక చిన్న ఆఫీసు. పాత కట్టడాలను లేజర్ స్కానర్‌తో కొలిచి, కంప్యూటర్లో అచ్చం అలాంటిదే మరొకటి కడతాం. ఏ రాయి మీద ఎంత బరువు పడుతోందో, ముందు దేన్ని బాగుచేయాలో ఆ మోడల్ చెబుతుంది.

పెనుకొండలో ఒక రాతి మండపం పని వచ్చింది. కప్పు మీది గచ్చు మార్చడానికి కూలీలు అప్పటికే దిగారు. మధ్యాహ్నం వాళ్ళు సద్ది విప్పేదీ, నడుం వాల్చేదీ ఆ కప్పు కిందే. అది భద్రమో కాదో చెప్పాల్సింది మేము.

భద్రమే అంది మోడల్. కాకపోతే నడిమి దూలం కింద ఒక స్తంభాన్ని చూపించింది. మండపంలో అక్కడ స్తంభం లేదు.

నా అనుమానం ఇర్ఫాన్ మీదికి పోయింది. మోడల్ గీసేది అతనే. ధర్మవరం మగ్గాల ఇంటివాడు. ఒక పువ్వు వేసి చీర అంచంతా అదే నడిపించడం వాళ్ళ ఇంటి విద్య. స్తంభాలను కూడా ఒకటి గీసి మిగతావన్నీ కాపీ చేస్తాడు. ఒకటి ఎక్కువ పడి ఉంటుందనుకున్నాను.

“ఏమబ్బా, ఈ స్తంభం యాడనుంచి తెచ్చినావు?”

“నేను తెచ్చేదేంది? స్కాన్‌లోనే ఉండాది చూడు. పట్టుకొచ్చింది నువ్వే కదప్పా.”

నిజమే, స్కాన్ చేసింది నేనే. మనుషులు అడ్డం నడిస్తే అందులో మరకలు పడడం మామూలే. కానీ మరకకు కింద పీఠం, పైన చెక్కిన పువ్వు ఉండవు.

స్తంభాన్ని చెరిపేసి మళ్ళీ లెక్క కట్టించాం. తెర మీద దూలం మొత్తం ఎర్రబడింది, మోయలేని బరువుందని. అంటే అది ఎప్పుడో కూలిపోయి ఉండాలి.

మర్నాడు మండపంలోంచి అందర్నీ బయటికి పంపి మళ్ళీ స్కాన్ చేశాను. స్తంభం ఉంది. స్కానర్ కూడా ఇర్ఫాన్‌తో కుమ్మక్కయిందేమోనని ఇంకొకటి తెప్పించాను. అందులోనూ ఉంది.

అప్పుడు గమనించాను. గంపలు మోసే ఆడవాళ్ళు ఆ ఖాళీ చోటు దగ్గరికి రాగానే పక్కకు తిరిగి పోతున్నారు. గోరంట్ల నుంచి వచ్చే నారాయణమ్మను ఎందుకని అడిగాను.

“అడ్డముంటే సుట్టుకోని పోక, గుద్దుకోమంటావా సార్?” అని నవ్వింది.

“ఏముందమ్మా అడ్డం?”

వెనక్కి తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది. “ఏమో సార్. కాళ్ళే అట్ల పోతాండాయి.”

నేను ఆ ఖాళీలో చెయ్యి ఊపి చూశాను. చల్లగా తగిలిందంటే మీకు నచ్చుతుంది గానీ, ఎండాకాలం పెనుకొండలో ఏదీ చల్లగా ఉండదు.

పని ఆపించాను. కాంట్రాక్టర్ నా చదువును గురించి నాలుగు మాటలన్నాడు. రిపోర్టులో స్తంభం ఊసెత్తకుండా, దూలం బలహీనమని మాత్రం రాశాను. ఆ చోటుకు రెండు పక్కలా దూలానికి ఊతంగా ఇనుప జాకీలు బిగించి అందరం బయటికి వచ్చాం.

టీ తాగుతుండగా లోపల రాయి మూలిగింది. పోయి చూస్తే దూలం నడిమికి చీలి, కాస్త కిందికి దిగి, జాకీల మీద కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

మళ్ళీ స్కాన్ చేశాం. అదే స్కానర్, అదే చోటు. స్తంభం లేదు. ఈసారి ఇర్ఫాన్ నన్ను అనుమానంగా చూశాడు.

అన్నాళ్ళూ ఆ దూలం దేని మీద నిలబడిందో నాకిప్పటికీ తెలియదు. మనుషులు బయటికి వచ్చి, జాకీలు బిగిసేదాకా ఆగింది. అంతవరకే చెప్పగలను.