పురిటికొచ్చిన పక్షులు

పక్షుల పండగ బోర్డు కూడబలుక్కుని చదివి, మనవలకు చెట్ల మీది కొంగలను చూపించి, తిరుగు బస్సెక్కాను. నా పక్కన ఆ ఊరి ఆవిడే కూర్చుంది.

"కొంగలంటే మా ఊరి ఆడపిల్లలే. పురిటికి పుట్టింటికొస్తాయి. వాటికోసం దీపావళికి టపాసులు కూడా కాల్సం," అంది గొప్పగా.

బస్సు కదలకముందే ఒక నిండు గర్భిణి ఎక్కి, ఆవిణ్ణి చూసి "అమ్మా" అంది. ఆవిడ మొహం తిప్పుకుంది.

"నీ కూతురేటి?" అన్నాను.

"కులం కానోడితో ఎలిపోయిన నాడే సచ్చింది."

"సచ్చినదానికి కడుపెలగొచ్చిందే?" అని లేచి, ఆ పిల్లకు నా సీటిచ్చాను.

పిల్ల కూర్చోగానే ఆవిడ లేచి, దూరంగా వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడింది. కూతురి వైపు చూడలేదు. చెట్ల కిందుగా పోతూ డ్రైవరు హారన్ కొట్టినప్పుడు మాత్రం గట్టిగా అరిచింది.

"ఒరే, ఆపరా! పిట్టలు గుడ్ల మీదున్నాయి."