కుతుబ్ మినార్‌కు గురువారం సెలవు

ముందుగా రెండు చేతులూ జోడించి, తల వంచి, దేశ రాజధానిలోనూ దాని చుట్టుపక్కల జిల్లాల్లోనూ కాలక్షేపం చేస్తున్న యావన్మంది తెలుగువారికి నా హృదయపూర్వక క్షమాపణలు. పోయినవాళ్ల గురించి మంచి మాటలే చెప్పాలన్నది పెద్దలు పెట్టిన నియమం. ఆ నియమాన్ని నేనిప్పుడు ఎంతో భారమైన హృదయంతో ఉల్లంఘించబోతున్నాను. భారమైన హృదయం అన్నది కూడా మర్యాదకు రాసిన మాటే. నాలుగేళ్లుగా ఈ అవకాశం కోసమే కాచుకుని కూర్చున్నాను.

ఘాజియాబాద్ అంకుల్ పోయారు. పోయి ఇరవై రోజులైంది. సాకేత్‌లో మా ఆఫీసు లిఫ్టులో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, అంకుల్ మనల్ని వదిలేసి వెళ్లిపోయారమ్మా" అన్నారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "అప్పుడేనా?" అన్నాను. ఆంటీ దాన్ని దుఃఖం అనుకున్నారు. నిజానికి అది ఫిర్యాదు. నేను తీర్చుకోవాల్సింది ఇంకా చాలా మిగిలి ఉండగానే మనిషి చెప్పాపెట్టకుండా జారుకున్నాడు.

అంకుల్ అంటే మాకు చుట్టం కాదు. మా నాన్నకు కాకినాడ కాలేజీలో రెండేళ్లు సీనియర్. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరై ఘాజియాబాద్‌లో లిఫ్టున్న భవనంలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో స్థిరపడ్డారు. రిటైరయ్యాక తనంతట తాను ఒక శాఖ స్థాపించుకున్నారు. మన జిల్లాల నుంచి ఢిల్లీ చూడ్డానికి వచ్చే ప్రతి కుటుంబానికీ ప్లాన్ వేసివ్వడం ఆ శాఖ పని. అడిగినవాళ్లకు ఇచ్చేవారు, అడగనివాళ్లకు ముందే ఇచ్చేవారు.

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసేవారు. టైము, స్థలం, ఎన్ని నిమిషాలు అనేవి మొదటి మూడు. నాలుగో గడిలో ఉండేది తీర్పు. దిగి, లేదా దిగకుండా. అంటే ఆ స్థలాన్ని బండి దిగి చూడాలా, బండిలోంచే చూసేసి సాగిపోవాలా అన్నది. ఎర్రకోట దిగి. ఇండియా గేట్ దిగి. రాష్ట్రపతి భవన్ దిగకుండా. పార్లమెంటు దిగకుండా. జంతర్ మంతర్ దిగకుండా, ధర్నా ఉంటే కొంచెం మెల్లగా. ఏ కట్టడానికి ఏ వారం సెలవో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. సోమవారం పూట ఎర్రకోటకు బయల్దేరిన ఒక తణుకు కుటుంబాన్ని మెట్రో స్టేషన్ దాకా పరిగెత్తి వెనక్కి తెచ్చారని ప్రతీతి.

"ఆరు నలభైకి బండెక్కాలి. గడియారం ఆరు నలభై. మనవాళ్ల ఆరు నలభై కాదు" అనేవారు. ఎవరైనా పాపం ఏ పచ్చికలోనో కాసేపు చతికిలబడదామంటే, "ఢిల్లీ చూడ్డానికొచ్చారా, కూర్చోడానికొచ్చారా?" అనేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక మౌఖిక పరీక్ష కూడా ఉండేది. "హుమాయూన్ సమాధి పైకెక్కాక వెనక్కి తిరిగి చూస్తే ఏం కనపడింది?" ఎవరైనా నీళ్లు నమిలితే, "దిగలేదన్నమాట" అని కళ్లజోడు తీసేవారు. నా దృష్టిలో ఆ కళ్లజోడు తీయడం ఉరిశిక్ష రాసి పెన్ను విరగ్గొట్టడంతో సమానం.

న్యాయంగా చెప్పాలంటే, అంటే నాకు ఇష్టం లేకుండా చెప్పాలంటే, ఆయన నాకు చేసిన మేలు కూడా ఉంది. లక్ష్మీ నగర్‌లో సివిల్స్ కోచింగ్ అనే వనవాసంలో ఉన్న రోజుల్లో నాకు డెంగ్యూ వచ్చింది. పదకొండు రోజులు ఆయన మెట్రోలో, ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుని వచ్చారు. పదకొండు రోజులూ సరిగ్గా ఒంటిగంటకే వచ్చారు. మెట్లెక్కలేక, కింద టీ కొట్టువాడి చేత పైకి పంపేవారు. ఇలాంటి విషయాలు రాయడం నా పగ ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఇక అసలు నేరం.

నాలుగేళ్ల కిందట మా అమ్మా నాన్నా మొదటిసారి ఢిల్లీ వస్తామన్నారు. ప్లాన్ శాఖ వెంటనే సమావేశమైంది. ఘాజియాబాద్‌లో డైనింగ్ టేబుల్ మీద క్యాలెండర్ కాగితం పరిచారు. అమ్మ ఫోన్ స్పీకర్లో ఉంది. అంకుల్ ఒక్కో కట్టడమే చదువుతుంటే అమ్మ "అలాగే అన్నయ్యగారూ, అలాగే" అంటోంది. అన్నీ అయ్యాక ఆగి ఆగి అడిగింది.

"అన్నయ్యగారూ, మావాడి గది కూడా ఒకసారి చూద్దామనీ..."

"రాశానమ్మా! అది రాయకుండా ఉంటానా? ఆఖరి రోజు, స్టేషన్‌కి వెళ్లే దారిలో. నాలుగూ ఇరవై."

అమ్మ ఆనందం స్పీకర్లోంచి టేబుల్ మీదికి ఒలికింది. నేను మాత్రం కాగితం మీదికి వంగి నాలుగో గడి చూశాను. 'అబ్బాయి గది: దిగకుండా' అని ఉంది.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "అంకుల్, నా గది దిగకుండా చూసేదేంటండీ?"

"దిగితే ట్రైన్ పోద్ది."

"పది నిమిషాలు అంకుల్."

"ఒరేయ్, పార్లమెంటే దిగకుండా చూస్తున్నారు. నీ గది అంతకంటే గొప్పదా?"

ప్రజాస్వామ్యంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అయినా నేను నమ్మలేదు. అమ్మ దిగుతుంది, దిగి తీరుతుంది అనుకున్నాను. కారణం కర్టెన్. రెండు వారాల ముందు అమ్మ ఫోన్ చేసి కిటికీ కొలత అడిగింది. టేపు లేక చేత్తో కొలిచి "ఆరు జానలు" అన్నాను. ఆకుపచ్చ గుడ్డ కొని తనే కుట్టింది. తన చేత్తో తగిలిస్తానంది.

ఆఖరి రోజు వాళ్లతో తిరగకుండా గదిలోనే ఉండి సిద్ధం చేశాను. నా రూమ్మేట్ కరీంనగర్ వాడు. వాడిని రెండు గంటలు బయటికి పొమ్మన్నాను.

"ఏందిరా, మీ అమ్మేమన్న రాష్ట్రపతా? గా తీగ మీది నా చెడ్డీలు చూస్తె ఏమైతది?"

"దండం పెడతాన్రా."

"ఠీక్ హై, పోత తీ. గని ఉప్మా నాకింత ఉంచు."

ఉప్మా చేశాను. జీవితంలో మొదటిసారి నేల తుడిచాను. పరుపుల మీద కొత్త దుప్పట్లు పరిచాను. నాలుగూ పదికి కిటికీ దగ్గర నిలబడ్డాను. మా గది రెండో అంతస్తులో, మెయిన్ రోడ్డు వైపే. కాకపోతే కిటికీలో సగానికి ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ అడ్డంగా వేలాడేది. దాని మీద ఎవరో టాపర్ నవ్వుతూ ఉండేవాడు.

నాలుగూ ఇరవైకి తెల్ల కారు వచ్చింది. ఆగలేదు, నెమ్మదించింది. ముందు సీట్లోంచి అంకుల్ చెయ్యి బయటికి వచ్చి, ఎర్రకోట చూపించినట్టే, మా కిటికీని చూపించింది. వెనక అద్దంలోంచి అమ్మ తల సగం బయటికి పెట్టి వెతుకుతోంది. నేను చెయ్యి ఊపాను. కింద నుంచి చూస్తే టాపర్ చెవి పక్క నుంచి ఒక చెయ్యి మొలిచి ఊగినట్టు ఉండి ఉంటుంది. పరిగెత్తుకుంటూ మెట్లు దిగేసరికి కారు సిగ్నల్ దాటిపోయింది.

స్టేషన్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "చూశాన్రా నాన్నా. బాగుంది. గాలి బాగా వస్తుందనుకుంటా" అంది. ఉప్మా మొత్తం కరీంనగర్ వాడే తిన్నాడు.

కర్టెన్ తర్వాతి ఆదివారం అంకుల్ చేతి సంచిలో వచ్చింది. తగిలిస్తే జానెడు పొట్టి. ఆరు జానలని నేను నా చేత్తో కొలిచాను, అమ్మ తన చేత్తో కొలిచి కుట్టింది. గదికి వచ్చి ఉంటే ఒక్క చూపులో తెలిసేది. ఆ తర్వాత రెండేళ్లు, ఆ జానెడు సందులోంచి తెల్లవారగానే ఎండ సరిగ్గా నా ముఖం మీద పడేది. సూర్యభగవానుడి సాక్షిగా నేను రోజూ ప్రతిజ్ఞ చేసేవాణ్ని.

ఎన్ని పథకాలు వేశానో! 'ఢిల్లీ ఉచిత గైడ్, ఇరవై నాలుగు గంటలూ' అని ఆయన నంబరు మా జిల్లా వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెడదామనుకున్నాను. ఆయన సంతోషిస్తారని తెలిసి మానుకున్నాను. ఆయన క్యాలెండర్ కాగితంలో సోమవారాన్నీ ఆదివారాన్నీ తారుమారు చేద్దామనుకున్నాను. ఆయన ప్రతి కాగితాన్నీ మూడుసార్లు సరిచూసేవారు. మూడుసార్లు ప్రిలిమ్స్ తప్పి ఉద్యోగంలో చేరినప్పుడు, ఆయన్ని నా కొత్త గదికి భోజనానికి పిలిచి, వీధి మలుపులోనే ఆపి "అదిగో అంకుల్, అదే" అని చూపించి పంపేద్దామనుకున్నాను. ఆయన రాలేదు. అప్పటికే మెట్లు ఎక్కడం మానేశారు.

ఆయన పోయిన పదో రోజున ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి ఒక మాట చెప్పారు.

"మీ అమ్మావాళ్లు రావడానికి ముందు వారం అంకుల్ ఎలాగో మెట్లెక్కి మీ గదికి వెళ్లొచ్చారు బాబూ. నువ్వు క్లాసులో ఉన్నావట. మెట్ల మీద వేలాడే కరెంటు తీగలు, ఆ చీకటి, ఆ బాత్రూము చూసొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తల్లి ఇది చూస్తే ఆ సాయంత్రమే పిల్లాణ్ని రైలెక్కించి తీసుకుపోద్ది, వీడి చదువు పోద్ది అన్నారు."

అక్కడున్న పెద్దలందరూ నా ముఖంలోకి చూశారు. కళ్లు తుడుచుకుని "ఎంత గొప్ప మనసు" అనాల్సిన ఘట్టం అది. నేను అనలేదు. ఇప్పుడూ అనను. మా అమ్మ ఆ మెట్లు చూసి ఏడుస్తుందా, నన్ను లాక్కుపోతుందా, లేక ఒక బల్బు కొనిచ్చి వెళ్తుందా అన్నది మా అమ్మ తేల్చుకోవాల్సిన విషయం. దాన్ని స్కేలు పెట్టి గీసి ఒక గడిలో రాసే అధికారం ఏ సెక్షన్ ఆఫీసరుకూ లేదు. ఆంటీకి మాత్రం "అవునాండీ" అన్నాను. ఆవిడ మీద నాకు పగ లేదు.

ఇప్పుడు నా నేరం. ఇవాళ రాజమండ్రిలో ఒక వీధి వీధంతా కుతుబ్ మినార్‌కు గురువారం సెలవని నమ్ముతోంది. ఆ పాపం నాదే. ఇంత పగబట్టి, ఇన్ని పథకాలు వేసి, నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

రెండు నెలల కిందట అంకుల్ వాళ్ల అక్కగారు రాజమండ్రి నుంచి వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఒక్కతే రైలెక్కి వచ్చింది. మంచం మీద ఉన్న తమ్ముడు ఏం చేశాడు? పడుకునే స్కేలు పెట్టి ఐదు రోజుల ప్లాన్ గీశాడు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. అన్నిటికీ ఎదురుగా 'దిగి'. నన్ను సెలవు పెట్టించి తోడు పంపారు. ఆవిడ ఇంటికి చేరేసరికి ఆయన దుప్పటి కప్పుకుని నిద్రపోతూ ఉండేవారు, లేదా నిద్రపోతున్నట్టు ఉండేవారు.

రెండో రోజు హుమాయూన్ సమాధి మెట్ల మీద ఆవిడ కూలబడిపోయింది.

"బాబూ, ఇదైపోయాక ఇంటికెళ్లిపోదామా?"

"ఇంకా రెండున్నాయి పెద్దమ్మా."

"చూసేశానని చెప్పేస్తే?"

"ప్రశ్నలడుగుతారు."

"అడుగుతాడు" అని ఒప్పుకుంది. మోకాళ్లు రుద్దుకుంటూ, "వాణ్ని చూద్దామని వచ్చాను నాయనా. సమాధులు చూపిస్తున్నాడు" అంది.

మూడో రోజు గురువారం. క్యాబ్ కింద ఆపి పైకి వెళ్లాను. ఆవిడ గుమ్మం దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు తొడుక్కోడానికి గోడ పట్టుకుని నిలబడింది. లోపల మంచం మీద అంకుల్, మెడ దాకా దుప్పటి. నాలుగేళ్ల ప్రతిజ్ఞ నా గొంతులోకి వచ్చేసింది.

"అంకుల్, ఇవాళ కుతుబ్ లేదండీ. గురువారం సెలవు."

కుతుబ్‌కు వారంలో ఏ రోజూ సెలవు లేదు. ఆ సంగతి నాకు చెప్పిందే ఆయన. ఒక్క మాట అంటే చాలు, నేనూ నా పగా అక్కడికక్కడే బూడిద. నిజం చెప్పాలంటే అనాలనే కోరుకున్నాను. దెబ్బలాడాలని వచ్చాను. అమ్మ గురించి, కారు గురించి, ఆ మొత్తం నాలుగో గడి గురించి ఆయన అక్క ముందే అడగాలని వచ్చాను.

ఆయన కళ్లజోడు తీశారు. నన్ను చూశారు. గుమ్మం దగ్గర గోడ పట్టుకున్న అక్కను చూశారు. చాలాసేపు చూశారు.

"అవును" అన్నారు. "గురువారం మూస్తారు."

ఆవిడ చెప్పులోంచి కాలు తీసేసింది. గోడ పట్టుకుంటూ వెళ్లి మంచం చివర కూర్చుని, ఎవర్నీ అడక్కుండా దుప్పటి పైకి తీసింది. వాచిపోయి, నల్లబడి, మెరుస్తున్న రెండు పాదాలు. "ఓరి నాయనో" అంది. ఒక పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. అంకుల్ ముఖం గోడ వైపు తిప్పేసుకున్నారు. పాదం మాత్రం వెనక్కి తీసుకోలేదు.