తెల్లగా వదిలిన ఊరు

ఆ గోడ జహీరాబాద్‌లో, బీదర్ వెళ్లే దారిలో ఉంది. పొడవైన గోడ. దాని వెనక జగన్‌మోహన్ విత్తనాల దుకాణం, గోదాము. గోడ మీద రెండు పటాలు. ఒకటి దేశానిది, రెండోది చుట్టుపక్కల ఊళ్లది. రెండూ పెయింటర్ రేవణసిద్ధప్ప గీసినవే.

జూన్ రాగానే అతను నిచ్చెన వేసుకుని దేశం పటం ముందు నిలబడేవాడు. కింది కొసన, కేరళ దగ్గర, నీలం గీత ఒకటి గీసేవాడు. వానలు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెప్పేది. వానలు పైకి జరిగినప్పుడల్లా పాత గీత తుడిచి కొత్తది గీయాలి. గీత కర్ణాటక మీద నుంచి ఇటు వంగే రోజుల్లో గోడ ముందు బండ్లు ఆగేవి.

"ఎక్కడిదాక వచ్చింది సిద్ధప్పా?"

"రాయచూర్ దాటింది. ఇగ పండుకోకుండ్రి."

సముద్రాన్ని అతను ఎన్నడూ చూడలేదు. దాని నీలం మాత్రం ఏటా కలిపేవాడు.

అతనిది న్యాల్‌కల్ దిక్కు హొన్నాపూర్. నల్లరేగడి నేల. సరిహద్దు పక్కనే కాబట్టి ఇంట్లో కన్నడ, బయట తెలుగు, సంతలో ఉర్దూ. అక్క శరణమ్మను ఊళ్లోనే మేనమామకిచ్చారు. మామ పోయాక చేను ఆమే చేస్తోంది. సిద్ధప్ప వాటా కూడా అందులోనే కలిసి ఉంది. వాటా సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

చిన్నప్పుడే అతన్ని జహీరాబాద్‌లో బోర్డులు రాసే మనిషి దగ్గర పనికి పెట్టారు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఉస్తాద్ మొదటి ఏడాది అతన్ని అక్షరం రాయనివ్వలేదు. ఖాళీ కొలిపించాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత, రాతకూ అంచుకూ మధ్య ఎంత.

"రంగు ఎవడైనా పూస్తడు బేటా. ఏది వదలాల్నో తెలవాలె," అనేవాడు.

ఆ తర్వాత తెలుగు, కన్నడ, ఉర్దూ, ఇంగ్లీషు, నాలుగు లిపులూ వచ్చాయి. మందుల దుకాణాలు, ఎరువుల కంపెనీలు, బస్సుల నుదుళ్లు, ఎన్నికల గోడలు. వానకు కారని రాత అని పేరు పడింది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గోడలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలింది జగన్‌మోహన్ గోడ. రైతు ఆ పటం చూడటానికి ఆగుతాడు, ఆగినవాడు దుకాణంలోకి వస్తాడు. అందుకని జగన్‌మోహన్ దాన్ని ఉంచాడు.

రెండో పటంలో ఊళ్లకు రంగులు. వాన తక్కువైతే ఎరుపు. సరిపడా పడితే ఆకుపచ్చ. ఎక్కువైతే నీలం. ఊరూరా స్తంభాల మీద వాన కొలిచే మిషన్లు ఉన్నాయి. సర్కారు ఆఫీసులో ఆ లెక్కలు చూసే శ్రీకాంత్ వారం వారం ఫోనులో ఊళ్ల రంగులు చెప్పేవాడు. సిద్ధప్ప నింపేవాడు.

"పచ్చ జర నిండుగ వెయ్యి," అనేవాడు జగన్‌మోహన్. "పచ్చ చూస్తెనే రైతు చెయ్యి జేబుల పోతది."

ఆ ఏడు పెసర కోతకు వచ్చినప్పుడు ముసురు పట్టింది. శరణమ్మ ఫోను తడిసి చెడిపోవడంతో ఊరి కబురు సిద్ధప్పకు తెలియలేదు. శ్రీకాంత్ ఎప్పటిలాగే ఊళ్లు చదివాడు. హొన్నాపూర్ అన్నాడు. పచ్చ అన్నాడు. సిద్ధప్ప పచ్చ నింపాడు. సొంత ఊరు కదా, అంచు దగ్గర కుంచె నెమ్మదిగా తిప్పాడు.

వాగు తగ్గాక శరణమ్మ జహీరాబాద్ వచ్చింది. చంకలో తడిగుడ్డ మూట. తమ్ముడు నిచ్చెన మీద ఉన్నాడు. ఆమె కింద నిలబడి గోడ చూసింది.

"ఇదేంది తమ్మా?"

"మన దిక్కు ఊర్లక్కా. ఏ ఊర్ల ఎంత వాన పడ్డదో రంగు చూస్తె తెలుస్తది."

"మన ఊరేది?"

అతను కుంచె కొసతో చూపించాడు.

"పచ్చంటే?"

"సరిపడ పడ్డట్టు."

ఆమె మూట విప్పి నేల మీద పరిచింది. పెసర మొక్కలు. కాయలు నల్లబడి పగిలాయి. ప్రతి కాయలోంచి తెల్లటి మొలకలు బయటికి వచ్చాయి. మొక్క మీద ఉండగానే గింజ మొలిచింది.

"ఎవలకు సరిపడ?" అంది. "కప్పలకా? ఎవడేసిండురా ఈ రంగు?"

"నేనే అక్కా."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"పెసరకు మొలకలొచ్చినయి. నీకు బుద్ధి మొలవలే."

అతను నిచ్చెన దిగాడు. ఆమె చెప్పింది విన్నాడు. పంట నష్టం చూసే సర్కారు బృందం ఆఫీసు లెక్కలో నీలం వచ్చిన ఊళ్లకే పోతోంది. సర్పంచి అడిగితే, మీది పచ్చ, మీ ఊరికి రాం అన్నారు. చేను దున్ని జొన్న వేయాలి. దున్నితే చూపించడానికి ఏమీ మిగలదు. దున్నకపోతే జొన్న అదను పోతుంది.

"దున్నమంటవా, వద్దంటవా?" అంది శరణమ్మ. "రంగులేసెటోనివి, నువ్వే చెప్పు."

సిద్ధప్ప ఆ మూట కట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు. మొక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు.

"మీ ఊరి మిషన్‌కెంచి ఏం వస్తలేదు సిద్ధప్పా. ఎండకాలంల కోతులు వైరు తెంపినయి."

"మరి పచ్చ ఎట్ల వచ్చింది సారు?"

"ఒక ఊరిది రాకపోతే కంప్యూటర్ల పోర్టలే దగ్గరి ఊరిది తీసుకుంటది. మీకు వాగవతలి ఊరిది తీసుకుంది."

"పక్కూరి వాన మా పేర రాసిన్రా?"

"నేను రాయలే. సిస్టమే నింపుతది."

"ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఒక కొమ్ము తడవని వాన సారు ఇది. మీకెరుక లేదా?"

"ఎరుకే."

"నేను నీలం వెయ్యమంటలేను. ఎంత పడ్డదో నాకు తెల్వది, మీకు తెల్వది. తెల్వదని రాయుండ్రి. గంతే."

"రాస్తే మంచిదే. ఖాళీ ఉన్న ఊరికి ఎవలో ఒకలు పోయి చూడాలె, రూలు గదే. కాని పోర్టల్ ఖాళీ తీసుకోది. ఖాళీ పెడితే ముందటికి పోది."

"అబద్ధం అయితే తీసుకుంటదా?"

శ్రీకాంత్ కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద ఏదో నొక్కాడు. సిద్ధప్ప మూట తీసుకుని లేచాడు.

"కోతులే నయం సారు. తెంపినయి గాని, నింపలే."

మరునాడు పొద్దున్నే అతను గోడ దగ్గరికి వచ్చాడు. చేతిలో కుంచె లేదు, గీకే ఇనుప పలక ఉంది. హొన్నాపూర్ మీది పచ్చను గీకాడు. గట్టి రంగు. తనదే. పొరలు పొరలుగా ఊడింది. కింద సున్నం తేలేదాకా గీకాడు. అంచు మాత్రం చెడనివ్వలేదు. పచ్చ ఊళ్ల మధ్య ఒక ఊరు తెల్లగా మిగిలింది.

బండ్లు ఆగాయి.

"ఇదేం ఊరు, గిట్ల బోడిగున్నది?"

"హొన్నాపూర్."

"ఎంత పడ్డది?"

"తెల్వది."

"తెల్వదంటే?"

"కొలువలే. కొలువకుంటనే సరిపడ అన్నరు."

రాయికోడ్ వైపు నుంచి వచ్చిన రైతు ఒకడు నోట్లో తంబాకు ఉమ్మేసి ముందుకొచ్చాడు. తమ ఊరి మిషన్‌లో కందిరీగలు గూడు పెట్టాయని చెప్పాడు. "మాది గూడ గోకు," అన్నాడు.

"మీ ఊరు నేను చూడలే," అన్నాడు సిద్ధప్ప. "నువ్వు చూసినవు. నువ్వే గోకు." పలక అతని చేతికిచ్చాడు.

మధ్యాహ్నానికి పటంలో తెల్ల మచ్చలు కొన్ని లేచాయి. ఒకడు అంచు కూడా గీకేస్తుంటే సిద్ధప్ప కసిరాడు. "ఊరు పోలేదయా. వాన లెక్కనే పోయింది. ఊరినుంచు."

జగన్‌మోహన్ కారు దిగి గోడ చూశాడు.

"గోడకు బొల్లి పట్టించినవేందయ్యా?"

"తెల్వని ఊర్లు సేట్."

"తెలుపు చూసి ఎవడు కొంటడు విత్తనం? సాయంత్రం వరకు పచ్చ నింపు."

"గోడ నీది, విత్తనం నీది. రంగు నా చేతిది. తెల్వని రంగు నేను వెయ్య."

"అయితే వెయ్యకు. నీతోని ఫికర్ తప్పింది."

ఆ వారంలోనే గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఫ్లెక్సీ వచ్చింది. పోర్టల్‌లో ఉన్న పటమే. హొన్నాపూర్ పచ్చగా, దూరానికి కూడా మెరుస్తోంది. మధ్యలో ఏ చెయ్యీ లేదు కాబట్టి గీకే చెయ్యి కూడా లేదు. వెనక దేశం పటం మూతపడింది. వానలు ఉత్తరం నుంచి వెనక్కి మళ్లే గీత ఆ ఏడు అతను గీయలేదు.

రంగు డబ్బాలు కట్టుకుని ఊరి బస్సెక్కాడు.

శరణమ్మ ఇల్లు రోడ్డు మీదే. పక్కన బడి, బడి వెనక మిషన్ స్తంభం. తెగిన వైరు గాలికి ఊగుతోంది. సిద్ధప్ప అక్క ఇంటి గోడకు సున్నం కొట్టాడు. ఆరాక దారం పట్టి గీతలు వేశాడు. ముందు ఖాళీలు కొలిచాడు. తర్వాత నల్లరంగుతో తెలుగులో, కన్నడలో, ఉర్దూలో రాశాడు.

"ఇక్కడి వాన మిషన్ చెడిపోయింది. ఈ ఊళ్లో ఎంత వాన పడిందో ప్రభుత్వానికి తెలియదు. తెలుసంటే నమ్మకండి."

కింద స్తంభం వైపు ఒక బాణం గుర్తు.

శరణమ్మ చేట పట్టుకుని వచ్చి చూసింది. "ఎవలు చదువుతరురా దీన్ని? బర్లా?"

"బర్లు చదివినా మంచిదే. అవయితే పచ్చనిదే మేస్తయి, పచ్చ అన్నదల్లా మేయయి."

బస్సుల్లో పోయేవాళ్లు కిటికీలోంచి ఫోటోలు తీశారు. ఫోటో ఫోనుల్లో తిరిగింది. ఎన్నిసార్లు అడిగినా రాని ఊరికి జీపు వచ్చింది.

శ్రీకాంత్ వచ్చాడు. అతనితో పెద్దాఫీసరు ఒకాయన. ఆయన గోడ ముందు నిలబడి చదివాడు.

"ప్రభుత్వానికి తెలియదని ఎట్ల రాస్తవయ్యా?"

"తెలుసా సారు? ఎంత పడ్డది?"

ఆయన శ్రీకాంత్ వైపు చూశాడు. శ్రీకాంత్ స్తంభం వైపు చూశాడు.

"ముందు ఇది తుడువు. తర్వాత మాట్లాడుదాం."

శరణమ్మ వెళ్లి జీపు ముందు నిలబడింది.

"గింత దూరం అక్షరాల కోసం వచ్చిన్రు. పెసర చేను ఇంకింత దూరం. నడువుండ్రి."

"అది మా పని కాదమ్మా. దానికి వేరే టీం ఉంటది."

"వేరే టీంకు వేరే కండ్లుంటయా సారు? కండ్లు కండ్లే. వచ్చి చూడుండ్రి. చూడకుంట పోవాలంటె నా మీదికెంచి పోవాలె."

అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. ముందు శ్రీకాంత్ నడిచాడు. పెద్దాయన తప్పనిసరై వెనక నడిచాడు.

రేగడి ఇంకా ఆరలేదు. గట్టు దిగగానే పెద్దాయన బూటు బురదలో ఉండిపోయింది, కాలు మాత్రం పైకి వచ్చింది. శరణమ్మ వంగి బూటు పీకి ఇచ్చింది. నవ్వలేదు. చేనంతా నల్లగా ఉంది. కుళ్లిన వాసన. మొక్కల మీదే మొలకలు వచ్చి, అవీ వాడిపోయాయి. పెద్దాయన జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ముక్కు మూసుకోకు సారు," అంది శరణమ్మ. "వాసన గూడ రాసుకో."

శ్రీకాంత్ ఫోటోలు తీశాడు. ఒక మొక్క పీకి సంచిలో వేసుకున్నాడు.

"ఏమని రాస్తవు బిడ్డా?"

"వచ్చి చూసినం అని రాస్తనమ్మా."

"చూసింది చూసినట్టు రాయి. నింపకు."

రోడ్డు మీదికి వచ్చాక పెద్దాయన గోడ చూపించాడు.

"చేను చూసినం గదా. ఇగ తుడువు."

సిద్ధప్ప స్తంభం చూపించాడు. "వైరు కట్టుండ్రి సారు. కట్టిన నాడు నేనే సున్నం కొడత. సున్నం గూడ నాదే."

జీపు వెళ్లిపోయింది. వాళ్లు అక్షరాలు తుడిపించడానికి వచ్చారు. వైరు కట్టే మనిషిని వెంట తెచ్చుకోలేదు.

శరణమ్మ ఇక ఆగలేకపోయింది. చేను దున్నించింది. రోడ్డు పక్క నాలుగు సాళ్లు మాత్రం దున్ననివ్వలేదు. వేరే టీం వస్తే చూపించడానికి.

జొన్న ఇప్పుడు మోకాలెత్తు వచ్చింది. ఆ నాలుగు సాళ్లలో పెసర నల్లగా నిలబడే ఉంది. బడి వెనక వైరు ఊగుతోంది. గోడ మీద రాత రెండుసార్లు తడిసింది. కారలేదు.