పెండ్లికి నేను కారు నడిపిన తొవ్వ

మా తమ్మునికి గడ్డం వచ్చినకాన్నుంచి కరీంనగర్ కెళ్ళి నిర్మల్ పోయే తొవ్వల పోలీసులు ఆపని రోజు నాకు యాదికి లేదు. కాగితాలన్ని సరిగనే ఉంటుండె. అయినా డిక్కీ తెరిపిస్తుండ్రి, ఫోన్ చూస్తుండ్రి, ఎవలింటికి పోతున్నవని అడుగుతుండ్రి. తమ్ముడు కోపం మింగి జవాబు చెప్పేటోడు. పక్కన బురఖాల ఉన్న నన్ను మాత్రం ఎవ్వలు ఒక్క మాట అడగకపోతుండ్రి.

పోయినేడు నిర్మల్‌ల మా ఖాలా, అంటే అమ్మీ చెల్లె, బిడ్డ పెండ్లి. నాకు అప్పుడే లైసెన్స్ వచ్చింది. ఈసారి కారు నేనే నడుపుతనన్న. అమ్మీ దువా చదువుకుంట ముందర కూసుంది. తమ్ముడు వెనుక మిఠాయి డబ్బాల నడుమ ఇరుక్కున్నడు.

మొదటి చెకింగ్ కాడ కానిస్టేబుల్ నన్ను చూసి పొమ్మని చెయ్యి ఊపిండు. ఇంత సులువని తెలిస్తే తాను గూడ బురఖా ఏసుకుందునని తమ్ముడంటే, అమ్మీ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

నిర్మల్ దగ్గరికి వచ్చినంక ఇంకో చెకింగ్. ఎస్సై వెనుక సీట్లకు తొంగి చూసిండు.

"దిగురా," అన్నడు తమ్మున్ని. నాకేమో, "మీరు కూసోండ్రమ్మా."

ఒక్క తల్లి పిల్లలం. వాడు అనుమానం, నేను లెక్కలకే రాని మనిషి. ఆ 'అమ్మా'ల మర్యాద నాకు కనవడలే. తమ్మునికంటే ముందు నేనే దిగిన.

"కారు నడిపేది నేను సార్. అడిగేదేదో నన్ను అడుగుండ్రి."

ఎస్సై లేడీ కానిస్టేబుల్‌ను పిలిచిండు. ఆమె కాగితాలు చూసింది, డిక్కీల పెండ్లిపిల్ల గాజులు, బట్టలు చూసింది. డిక్కీ మూసుకుంట, డ్రైవింగ్ యాడ నేర్చుకున్నవక్కా అని మెల్లగ అడిగింది. తమ్ముడు నేర్పిండని చెప్పిన.

ఆమె వాని దిక్కు తిరిగింది. "మంచిగ నేర్పినవ్ తమ్మీ."

పోలీసోళ్ల నోట వాడు అసొంటి మాట ఎన్నడు వినలే. సిగ్గుతోని నవ్విండు. అమ్మీ మిఠాయి ఇస్తే ఆమె అక్కడనే నిలవడి తిన్నది. ఎస్సై పొమ్మన్నడు.

పెండ్లింట్ల ఖాలా నాతోని ఆ ముచ్చట మళ్ల మళ్ల చెప్పిచ్చుకున్నది. ఆడపిల్లలు తమకు గూడ నేర్పుమని తమ్ముని ఎంబడి పడ్డరు.

తిరిగొచ్చేటప్పుడు గూడ నేనే నడిపిన. అద్దంల చూస్తే తమ్ముడు నోరు తెరుచుకొని నిద్రపోతున్నడు. ఆ తొవ్వల వాడు కునుకు తీసుడు నేనెన్నడు చూడలే. అమ్మీ సప్పుడు చేయక తన దుపట్టా తీసి వానికి కప్పింది.