ముట్టని విస్తరి

తోటపల్లి గూడూరు నుంచి కృష్ణపట్నం దాకా రోడ్డు మీద ఏ పెట్రోలు బంకులో బాత్‌రూముకు తాళం వేస్తారో, ఆ తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో పెంచలకృష్ణకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనమంతా దారిని ఊళ్ళ పేర్లతో గుర్తు పెట్టుకుంటాం. అతను మరుగుదొడ్లతో గుర్తు పెట్టుకుంటాడు. పోర్టులో ఒక సరుకు రవాణా కంపెనీ కాటా దగ్గర అతని ఉద్యోగం. బొగ్గు లారీ వచ్చి కాటా ఎక్కితే బరువు చూసి చీటీ ఇవ్వాలి. కంపెనీ బస్సు వీధి చివరికే వస్తుంది, కానీ అతను ఎక్కడు. బస్సు తను ఆగాల్సిన చోట ఆగుతుంది తప్ప ఇతని కడుపు ఆపమన్న చోట ఆగదు కదా. అందుకని బైకు మీద ఒక్కడే పోతాడు. తోటి ఉద్యోగులు దాన్ని పొగరు కింద జమకట్టారు.

జబ్బు మొదలై చాలా ఏళ్లయింది. నెల్లూరులో అతను చూపించుకోని డాక్టరు లేడు. గొట్టాలు వేసి చూశారు, స్కానింగులు తీశారు. పుండు లేదు, గడ్డ లేదు, రిపోర్టులన్నీ నార్మల్. చివరికి ఒకాయన దానికి ఐబీఎస్ అని పేరు పెట్టి, పేగులు ఊరికే ఉలిక్కిపడుతుంటాయనీ, ప్రాణానికేమీ కాదనీ, టెన్షన్ పెట్టుకోవద్దనీ చెప్పి పంపాడు. ప్రాణానికేమీ కాదన్న మాట నిజమే. ఆ ప్రాణాన్ని పెట్టుకుని ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

పేగుల సంగతి ఒక ఎత్తయితే వికారం ఒక ఎత్తు. తెల్లారి కాఫీ వాసన తగిలితే చాలు, గొంతులోకి ఏదో వచ్చి కూర్చుంటుంది. వాంతయిపోతే హాయిగా ఉండును, అదీ కాదు. సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని, జేబులో మాత్రలు వేసుకుని బయల్దేరతాడు. రోజూ పొద్దున్నే పెరట్లో అతని ఓకరింతలు విని, రాత్రి బాగా పట్టించినట్టున్నాడని ఇరుగుపొరుగు తీర్మానించారు. పాపం, పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా నోట పెట్టనివాడు.

ఇక చుట్టాలు. మనవాళ్ళకు కడుపులో వచ్చే జబ్బు ఒక్కటే, గ్యాసు. వాము నమలమన్నవాళ్ళున్నారు, దిష్టి తీయించుకోమన్నవాళ్ళున్నారు. వాళ్ళకు జవాబు చెప్పలేక పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. డ్యూటీ ఉందంటాడు. పిలిచి పిలిచి వాళ్ళూ మానేశారు. తల్లీ తండ్రీ పోయిన ఇంట్లో పెరుగన్నం కలుపుకుని ఫోను ముందు పెట్టుకుని తింటాడు. ముప్పై నాలుగేళ్ళు నిండాయి. ఒంటరితనం అలవాటవుతుందంటారు కానీ అతనికి కాలేదు.

అతని బాధ సగమైనా తెలిసిన మనిషి అక్క చెంచులక్ష్మి. ఆ సగం పేరు కూడా గ్యాసే. ఆవిడే చిల్లకూరులో సంబంధం చూసింది. పిల్ల తండ్రి మస్తానయ్య, నాలుగెకరాల మాగాణి రైతు. పిల్ల బిందు, హైవే మీద టైర్ల షాపులో పని చేస్తుంది.

ఆ వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా మగపెళ్ళివారు పిల్ల ఇంట్లో చెయ్యి కడగరు. కాఫీతో సరి. అన్నానికి కూర్చున్నారంటే ఒప్పుకున్నట్టే, తర్వాత తాంబూలాలు లాంఛనమే. చూపులకు వెళ్ళిన రోజు పెంచలకృష్ణ ఈ పద్ధతి పెట్టిన పెద్దలకు మనసులోనే దండం పెట్టుకున్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, ఎవరూ చూడనప్పుడు కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

వాళ్ళిద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపారు. బిందు గోడకానుకుని నిలబడి, అతనేమీ అడక్కపోయేసరికి తనే మొదలుపెట్టింది.

"నాకొక చెడ్డ అలవాటుండాది, ముందే చెప్తుండా. నేను అన్నం నిదానంగా తింటా. అందరూ లేసిపోయినా నేనింకా తింటానే ఉంటా. మా నాయన తిడతాడు."

"తినండి. నాకేం తొందర లేదు," అన్నాడు పెంచలకృష్ణ.

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. అంతసేపు కడుపు గుర్తు రాలేదని బైకెక్కాక తెలిసింది. ఈ పిల్ల నాతో ఉంటే చాలు అనుకున్నాడు. ఇల్లు చేరేదాకా అదే మాట అనుకుంటూ వచ్చాడు.

ఇరువైపులా సరేనన్నారు. భోజనానికి రమ్మని మస్తానయ్య ఒక ఆదివారం కబురు పెట్టాడు. వెళ్ళి నాలుగు ముద్దలు తింటే బిందు తనదవుతుంది. ఇంకొకడికైతే ఇది పరీక్షే కాదు. పెంచలకృష్ణ ముందు రోజు నుంచీ పస్తున్నాడు. మాత్రలు వేసుకున్నాడు. అక్కాబావలు కారులో వస్తే తను బైకు మీద వెనకే వచ్చాడు.

మస్తానయ్య మర్యాదకు లోటు చెయ్యలేదు. ముందు రోజే కాచి పెట్టిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు ఊరి ఘుమఘుమలాడుతోంది. కాబోయే అల్లుడికి తలకాయ ముక్క ఆయనే స్వయంగా వడ్డించాడు. వేడన్నం మీద పులుసు పడి ఆవిరి మొహాన తగిలింది. పెంచలకృష్ణ అన్నంలో వేళ్ళు పెట్టబోయాడు. పెట్టలేకపోయాడు. గొంతులోది పైకొచ్చింది, కింద పేగులు మెలితిరిగాయి. బాత్‌రూము పెరట్లో ఉంది. పెరటి గుమ్మంలో ఆడవాళ్ళంతా కూర్చుని కొత్త పెళ్ళికొడుకు ఎలా తింటాడో చూస్తున్నారు.

లేచాడు. వాళ్ళ మధ్యలోంచి పోలేక వీధి వైపు నడిచాడు. "డ్యూటీ నుంచి ఫోనొచ్చిందక్కా," అని మాత్రం అనగలిగాడు. ఫోను మోగలేదని అందరికీ తెలుసు. బైకు తీసి హైవే మీద మొదటి బంకు దాకా ఎలా పోయాడో అతనికే తెలియదు.

ఇక్కడ విస్తరి ముట్టకుండానే ఉంది. మస్తానయ్య కాసేపు దాని వైపు చూసి, చెంచులక్ష్మితో నెమ్మదిగా అన్నాడు.

"నువ్వేం బాధపడొద్దు తల్లా. నోటితో చెప్పలేక ఇస్తరితో చెప్పినాడు. మాకర్థమయింది."

ఆవిడ ఎన్ని చెప్పినా ఆయన వినలేదు. ఆయన తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకుంటారు. సాయంత్రం చెంచులక్ష్మి తమ్ముడి మీద విరుచుకుపడింది.

"గ్యాసయితే మాత్రం నాలుగు మెతుకులు కెలికి లెయ్యకూడదంట్రా? పరువు తీసినావు గదరా."

"గ్యాసు కాదక్కా," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

బుధవారం కాటా గదిలో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నేను బిందూని. మీ అక్కనడిగి నంబరు తీసుకున్నా. మాట్లాడొచ్చునా?"

"చెప్పండి," అన్నాడు. బయట లారీ హారను కొడుతోంది. పట్టించుకోలేదు.

"మా నాయన ఇస్తరి సంగతే పట్టుకోనుండాడు. ఇస్తరి మాటలు నాకొద్దు. మీ నోటితో ఇనాలనుకున్నా. మిద్దె మీద బాగానే మాట్లాడినారు గదా. నేను నచ్చకనే లేసిపోయినారా?"

ఒక ఆడపిల్ల ఇంట్లో తెలియకుండా ఫోను చేసి ఇంత మాట అడగడానికి ఎంత ధైర్యం కావాలో పెంచలకృష్ణకు తెలుసు. కాదు, నా కడుపు బాగాలేదు అంటే సరిపోయేది. డాక్టర్ల ముందు విరేచనం రంగుతో సహా చెప్పినవాడు. కానీ అది ఒక్క మాటతో ఆగుతుందా? ఏం జబ్బు, ఎన్నాళ్ళ నుంచి, తగ్గదా అని అడుగుతుంది. తగ్గదని చెప్పాలి. జాలిపడి సరేనంటుంది. తర్వాత రోజూ పొద్దున్నే బాత్‌రూము తలుపవతల నిలబడి ఆ ఓకరింతలు వింటుంది. కొన్నాళ్ళకు ఆమె నవ్వు ఎలా ఉంటుందో అతను ఊహించుకున్నాడు. సిగ్గుతో చెవులు మండాయి.

"ఏమండీ, ఉండారా?"

"ఉన్నా."

"చెప్పండి మరి. నచ్చకనేనా?"

"అవును," అన్నాడు పెంచలకృష్ణ.

అవతల టైర్ల షాపులో ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె అంది.

"మంచిదండీ. ఇంతకు ముందొచ్చినోళ్ళు జాతకమనీ అదనీ ఇదనీ చెప్పినారు. మీరు నిజం చెప్పినారు. ఆ మాత్రం చాలు నాకు."

ఫోను పెట్టేసింది. లారీ డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి చీటీ అడిగాడు. పెంచలకృష్ణ బరువు చూసి, చీటీ చింపి ఇచ్చాడు.