అయిదో గదికి సిగ్నల్

గురువులు ముప్పై నాలుగేళ్లు ఖిదిర్‌పూర్ ఓడల డాకులో సిగ్నల్‌మేన్‌గా పనిచేశాడు. పైన క్రేను గదిలో కూర్చున్న డ్రైవరుకు ఓడ అడుగున ఏం జరుగుతోందో కనిపించదు. అడుగున బస్తాలు సర్దే కళాసీలకు డ్రైవరు కనిపించడు. వాళ్లిద్దరికీ కనిపించే చోటు చూసుకుని, ఓడ అంచున నిలబడి, కిందివాళ్ల సైగ అందుకుని పైకి చేత్తో చెప్పడమే అతని పని. ఆ చప్పుళ్లలో నోటిమాట ఎవరికీ వినపడదు. అతను చెయ్యి ఎత్తితే సరుకు లేచేది, పిడికిలి బిగిస్తే గాలిలోనే ఆగేది.

రిటైరయ్యి ఆరేళ్లయింది. వాట్‌గంజ్‌లో తండ్రి నాటి నుంచీ అద్దెకుంటున్న ఇంట్లోనే, వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే లారీల నంబర్లు చదువుతూ రోజులు గడుపుతున్నాడు. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి అయిదు గదులు, మూరెడు మందాన సున్నపు గోడలు, పక్కగా పొడుగునా వరండా, అదీ ఆ ఇల్లు. కొడుకు జగన్మోహన్ కంటెయినర్ల యార్డులో పనిచేస్తాడు. కోడలు రమాకుమారిది నరసన్నపేట. తెలుగులో బి.ఏ. చేసి, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసి, రెండేళ్ల కిందట పెళ్లయి ఈ ఊరొచ్చింది.

వచ్చిన కొత్తలోనే రమాకుమారి ఒకటి గమనించింది. ఈ పరరాష్ట్రంలో మన తెలుగువాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చేతికి తెలుగు పుస్తకం ఇస్తే మాత్రం తిరగేసి పట్టుకుంటారు. ఆదివారం పదింటికి ఫోనులో తెలుగు చదవడం నేర్పుతానని ఆమె తెలిసినవాళ్లందరికీ మెసేజి పెట్టింది. వాట్‌గంజ్, మెటియాబ్రుజ్, లిలువా రైల్వే క్వార్టర్ల నుంచి పదకొండుమంది పిల్లల పేర్లు వచ్చాయి. ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు. పాత బియ్యం బస్తాలు పెట్టుకునే అయిదో గదిని కడిగి, సున్నం వేసి, గోడకి అక్షరాల పటం తగిలించింది. ముందు గదిలో కూర్చుంటే లారీల హారన్లకి తన మాట తనకే వినపడదు. ఇంట్లో చప్పుడు లేని చోటు ఆ వెనక గది ఒక్కటే.

గురువారం మధ్యాహ్నం, ఎలా వస్తుందో చూద్దామని ఒక పరీక్ష క్లాసు పెట్టింది. రౌటర్ ముందు గదిలో వీధి తలుపు మీద ఉంది. అయిదో గదిలో ఫోనుకి ఒక్క గీత కూడా సరిగ్గా రాలేదు. తెర మీద పిల్లల మొహాలు నోళ్లు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయాయి. ఆమె ‘అ’ అన్నది వాళ్లకి, ఆమె ‘ఈ’ అనేవేళకి వినపడింది. పది నిమిషాల్లో ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆఖరికి మిగిలింది లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు శామ్సన్ కూతురు, తొమ్మిదేళ్ల షెకైనా. మేడమ్ బొమ్మలా అయిపోయారని తల్లికి చెబుతుండగానే ఆ పిల్ల కూడా తెర మీంచి పోయింది.

ఆ సాయంత్రమే జగన్మోహన్ ఒక రిపీటర్ కొనుక్కొచ్చాడు. రౌటర్ నుంచి సిగ్నల్ తీసుకుని ముందుకి పంపించే చిన్న తెల్ల పెట్టె అది. నెట్ కావలసింది వెనక గదిలోనే గదా అని దాన్ని అక్కడి ప్లగ్గులో పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది. తీసి పెట్టారు, మళ్లీ ఎర్రదే. శుక్రవారం కేబుల్ ఆఫీసు మనిషి వచ్చి, గోడలు కొట్టి చూసి, వెనకదాకా వైరు లాగాలన్నాడు. మనుషులు ఖాళీ లేరు, పది రోజులు పడుతుందని చెప్పి వెళ్లిపోయాడు.

రమాకుమారి వెనక గది గడప మీద కూర్చుని, ఆదివారం క్లాసు లేదని ఫోనులో రాయడం మొదలుపెట్టింది. గురువులు వరండాలోంచి లేచి వచ్చాడు. అతనికి ఆ తెల్ల పెట్టె సంగతి నిన్నటినుంచీ మనసులో తిరుగుతోంది.

“అమ్మా, ఆ పెట్టె ఎర్రగా ఎందుకెలుగుతంది?”

“దానికే సిగ్నల్ అందట్లేదు మావయ్యా.”

“తనకే అందనోడు ఇంకొకడికేటందిస్తాడు? దీన్ని ఓడడుగున నిలబెట్టీసినారు మీరు. ఈడికి అటోడూ కనపడాల, ఇటోడూ కనపడాల.”

రమాకుమారి రాస్తున్నది ఆపేసి మామగారి మొహం చూసింది. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. అంత గట్టిగా, అంత నమ్మకంగా ఆయన మాట్లాడగా ఆమె ఈ రెండేళ్లలో వినలేదు.

కోడలి ఫోను చేత్తో పట్టుకుని గురువులు ముందు గదిలోంచి నడక మొదలుపెట్టాడు. రెండో గదిలో అన్ని గీతలూ ఉన్నాయి. వరండా చుట్టి మూడో గదిలోకి వెళ్లేసరికి రెండు పడిపోయాయి. గది అవతలి మూలకి పోతే ఒకటి లేచింది, మళ్లీ నడుమకి వస్తే పోయింది. అతను పది సార్లు అటూ ఇటూ నడిచాడు. రమాకుమారి వెనకాలే నడుస్తూ ఎన్ని గీతలో చెబుతోంది. చివరికి అతను బీరువా దగ్గర ఆగి, దాని ఇనుప వీపు మీద వేళ్లతో కొట్టాడు. రెండో గదికీ మూడో గదికీ నడుమ ఒకప్పుడు తలుపుండేది. ఆ గుమ్మానికి అడ్డంగా అతని భార్య అప్పలకొండమ్మ తన బీరువా పెట్టి ముప్పై ఏళ్లయింది. అప్పటినుంచీ అందరూ వరండా మీంచే తిరుగుతున్నారు. బీరువాకీ గోడకీ మధ్య వేలెడు సందుంది. గురువులు ఆ సందులో కన్ను పెట్టి చూశాడు. దూరంగా ముందు గదిలో రౌటర్ పచ్చ లైటు కనిపించింది.

“ఇదిగో, దొరికీసింది,” అన్నాడు, చాలా మెల్లిగా.

అప్పలకొండమ్మ వంటింట్లోంచి వచ్చింది. బీరువా జరపాలని విని చీర చెంగు నడుముకి దోపింది. అది తన పుట్టింటివాళ్లు ఇచ్చిన బీరువా. దాని కాళ్లు తుప్పు పట్టాయనీ, కదిపితే విరుగుతాయనీ, ఈ వయసులో ఆయనకి ఈ పిచ్చేమిటనీ చాలా సేపు మాట్లాడింది. రమాకుమారి, పోనీలెండి అత్తయ్యా, క్లాసు మానేస్తున్నానని అందరికీ రాసేస్తాను అంది. కుళాయి దగ్గర ఆడవాళ్లందరికీ, మా కోడలు ఆదివారం పదింటికి పాఠం చెబుతుంది అని అప్పలకొండమ్మ వారం రోజులుగా చెప్పుకుంటోంది.

“మానీడమేటి?” అంది. “నా సామాను నానే తీసుకుంటాను. ఇంకెవులూ సెయ్యెట్టకండి.”

శనివారం పొద్దున్న ఆమె బీరువా ఖాళీ చేసింది. జగన్మోహన్, పక్క వాటాలో ఉండే మృత్యుంజయ, ఇంకో ఇద్దరు డాకు కూలీలు వచ్చారు. నలుగురూ తలో మాట అరుస్తుంటే గురువులు కుర్చీ మీదెక్కి నిలబడి చెయ్యి పైకెత్తాడు. అందరూ ఊరుకున్నారు. అతను అరచెయ్యి మెల్లగా పైకి ఊపాడు, బీరువా నేల వదిలింది. రెండు వేళ్లు ఎడమకి తిప్పాడు, అది ఎడమకి జరిగింది. ఒక కాలు గడపకి తగలబోతుంటే పిడికిలి బిగించాడు, నలుగురూ ఆగిపోయారు. ఒక్క మాట లేకుండా, గోడకి గీత పడకుండా, బీరువా వెళ్లి అవతలి గోడకి ఆనుకుంది. అప్పలకొండమ్మ గుమ్మంలో నిలబడి మొగుడినే చూస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పని ఎలా ఉంటుందో ఆమె కళ్లతో చూడడం అదే మొదటిసారి.

మూసుకున్న గుమ్మం తెరుచుకుంది. ముందు గది గాలి మూడో గదిలోకి సర్రున వచ్చింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు ఆ పక్కనే ఉంది. అక్కడ నిలబడితే ఒకవైపు రౌటర్, ఇంకోవైపు నాలుగో గదైన వంటగది గుమ్మం మీదుగా అయిదో గది కిటికీ, రెండూ కనిపిస్తున్నాయి. తెల్ల పెట్టెని గురువులే అందులో గుచ్చాడు. లైటు ఎర్రగా వెలిగి, ఆరిపోయి, కాసేపు గడిచాక పచ్చబడింది. రమాకుమారి వెనక గదికి పరుగెత్తింది. అక్కణ్నుంచి ఆమె గొంతు వినిపించింది. మూడు గీతలు వచ్చాయట. ఆగకుండా షెకైనాకి ఫోను కలిపింది. ఆ పిల్ల తెర మీదికి దగ్గరగా వచ్చి చూసి, “మేడమ్, ఇప్పుడు మీరు కదుల్తున్నారు,” అంది.

ఆదివారం పదింటికి పదకొండుమందీ వచ్చారు. గురువులు తొమ్మిదింటికే కొత్త చొక్కా వేసుకుని వెనక గది మూలలో కూర్చున్నాడు. గంటసేపు ఒక్కరూ బిగుసుకుపోలేదు. ‘అల’, ‘వల’, ‘పడవ’ అని రమాకుమారి రాసి చూపిస్తే పిల్లలు కూడబలుక్కుని చదివారు. ‘పడవ’ అందరికన్నా ముందు ఒక్కర్తే చదివేసిన షెకైనా చప్పట్లు తనే కొట్టుకుంది. అప్పలకొండమ్మ వంటగదిలో పొయ్యి కట్టేసి, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది.

పిల్లల్లో అమ్ములు అనే అమ్మాయిని మాత్రం గురువులు క్లాసంతా చూస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల వాళ్ల మేడ మెట్ల మీద కూర్చుంది. బట్టల మూటలు మోసుకుని దిగేవాళ్లు ఆమెని తప్పుకోమంటున్నారు, ఆమె లేచి నిలబడి మళ్లీ కూర్చుంటోంది. క్లాసయ్యాక గురువులు ఫోను తీసుకుని వాళ్ల నాన్నతో మాట్లాడాడు. ఆయన పేరు నరసింహం, మెటియాబ్రుజ్‌లో దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టరు. నెట్ కింద దుకాణంలో ఉంది, పైన వాళ్ల గదికి అందదు, మెట్ల మీదే కాస్త వస్తుందని చెప్పాడు.

“గోడెలాంటిది? మెట్లెటేపున్నాయి?” అని గురువులు అడిగాడు. నరసింహం ఏదో చెప్పబోతే, ఫోనులో తెలీదు బాబూ, నేనే వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే తన ఫోను జేబులో పెట్టుకుని మెటియాబ్రుజ్ ఆటో ఎక్కాడు. దుకాణానికీ పై గదికీ మధ్య మూడు సార్లు ఎక్కి దిగాడు. మెట్ల మలుపులో, రౌటర్ కనిపించే చోట ఒక పెద్ద అద్దం బిగించి ఉంది. దాన్ని తీయించి, అక్కడికొక ప్లగ్గు లాగించి, నరసింహం అప్పటికప్పుడు కొనుక్కొచ్చిన రిపీటర్ పెట్టించాడు. పై గదిలో అమ్ములు మంచం మీద కూర్చుని రమాకుమారికి ఫోను చేసింది. పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, అదేమిటో చెప్పమంది. రమాకుమారి చెప్పలేదు, చదవమంది. అమ్ములు గుణింతం పలుకుతూ తంటాలు పడుతుంటే, గురువులు మంచం పక్కన నిలబడి, అదే మాట మీద కళ్లు పెట్టి, తన పెదవులూ కదిపాడు.